చట్టం ఎవరి మీద చెల్లుతుంది?

ఇందులో మాట్లాడేది ఇద్దరు. ఒకరు గుంటూరులో జీవితమంతా సివిల్ దావాలు నడిపి, చూపు తగ్గాక ప్రాక్టీసు మానేసిన ప్లీడరుగారు. రెండోవారు ఆయన మేనకోడలు. హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. రక్తపరీక్షల ల్యాబులకు రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాం వాళ్ల సరుకు. అదే ప్రోగ్రామును జర్మనీలోనూ, కాలిఫోర్నియాలోనూ, మన ఊళ్లలోనూ అమ్ముతారు కాబట్టి మూడు చోట్ల చట్టాలూ తిరగేయక తప్పదు ఆమెకి. 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. వాదన అక్కడ మొదలైంది. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచను. కానీ ఆ అమ్మాయి మాటల్లో కొన్నింటికి నా దగ్గరా జవాబు లేదు.

మేనకోడలు: మామయ్యా, మీరు యూరప్ చట్టాన్ని పొగడడం కాసేపు ఆపి మనదాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఒక పూటలో అయిపోతుంది. మొత్తం 44 సెక్షన్లు. మీ యూరప్ చట్టం జీడీపీఆర్‌లో 99 అధికరణాలు, వాటికి ముందు 173 పేరాల పీఠిక. మన చట్టంలో సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలు ఇచ్చితీరాలి. తెనాలిలో రక్తం ఇచ్చే మనిషికి తెలుగులో చెప్పమంటోంది చట్టం. చిన్న విషయమా?

మామయ్య: చిన్న విషయం కాదమ్మా. చదివాను, రెండుసార్లు. అందులో ఒక ఉదాహరణ నాకు బాగా నచ్చింది. ఫోన్లో డాక్టరును చూపించుకునే యాప్ ఒకటి వైద్యానికీ, ఫోన్‌లోని కాంటాక్టుల జాబితాకీ కలిపి ఒకేసారి సమ్మతి అడిగిందనుకో. మనిషి రెండింటికీ సరేనన్నా వైద్యానికి ఇచ్చిన సమ్మతే చెల్లుతుంది, కాంటాక్టులకు చెల్లదు అని రాశారు. 2020లో తెలంగాణలో ఆ లోన్ యాప్‌లవాళ్లు చేసింది గుర్తుందిగా? ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ లాగి, చుట్టాలకీ పక్కాలకీ ఫోన్లు చేసి, అప్పు తీసుకున్నవాళ్ల పరువు తీసి, కొందరిని ప్రాణాలు తీసుకునేదాకా తెచ్చారు. ఆనాడు ఈ ఒక్క సెక్షను ఉండి, అమల్లో ఉంటే ఎంత బాగుండేదో.

మేనకోడలు: మరి ఇంకేం కావాలి మీకు? తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా. డేటా బయటికి పొక్కితే ఈ చట్టం పెట్టిన డేటా పరిరక్షణ బోర్డుకి 72 గంటల్లో వివరాలతో నివేదిక ఇవ్వాలి, నష్టపోయినవాళ్లకి ఆలస్యం లేకుండా చెప్పాలి. యూరప్‌లోనూ 72 గంటలే. పైగా వాళ్లకేం ఒరిగింది? ఏ వెబ్‌సైటు తెరిచినా ‘కుకీలు ఒప్పుకుంటారా’ అని ఒక అడ్డుతెర. జనం చూడకుండానే నొక్కేస్తున్నారు.

మామయ్య: ఆ అడ్డుతెర జీడీపీఆర్ పుట్టించింది కాదు. దానికి మూలం 2002 నాటి వేరే ఆదేశం, 2009లో సవరించారు. అందరూ దీని ఖాతాలో వేస్తారు. అయినా నేను జరిమానాలు ఎంత, గంటలు ఎన్ని అని పోల్చడం లేదు. ఏ దేశం చట్టం తీసినా నేను ముందు చూసేది ఒకటే: అది ఎవరి మీద చెల్లుతుంది? దెబ్బతిన్న మనిషి ఎవరి గుమ్మం ఎక్కాలి?

మేనకోడలు: ప్రభుత్వం సంగతి ఎత్తబోతున్నారు.

మామయ్య: ఎత్తక తప్పదు. ఈ చట్టాలు పుట్టిందే అక్కడ. ప్రపంచంలో మొట్టమొదటి డేటా రక్షణ చట్టం 1970లో జర్మనీలోని హెస్సె అనే రాష్ట్రం చేసింది. అప్పటికి గూగులూ లేదు, ఫేస్‌బుక్కూ లేదు. వాళ్లు భయపడింది ప్రభుత్వ ఆఫీసుల్లోకి వస్తున్న కంప్యూటర్లకి. 1983లో అక్కడ జనాభా లెక్కలు తీస్తామంటే జనం రోడ్డెక్కారు. ఎవరు ఏ మతమో, ఎవరి తాత ఎవరో కాగితాల మీద రాసి పెట్టుకున్న రాజ్యం ఏం చేయగలదో వాళ్లు చూసినవాళ్లు. ఆ ఏడు డిసెంబరులో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది: తన గురించిన సమాచారం ఎవరికి చేరాలో తేల్చుకునే హక్కు ఆ మనిషిదే అని. ఇవాళ్టి జీడీపీఆర్‌కి తల్లివేరు ఆ తీర్పే.

మేనకోడలు: వాళ్ల చరిత్ర వాళ్లది మామయ్యా. మన చరిత్ర వేరు. మన దగ్గర పేరు ఏ జాబితాలోనూ లేకపోవడమే కష్టం. పింఛను జాబితాలో పేరు లేని ముసలమ్మకి గోప్యత గురించి చెప్పండి చూద్దాం. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే అని ఒక్కరోజులో రాష్ట్రమంతా ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. ఆ ఒక్కరోజు కోసం దూరాభారాల నుంచి సొంతూళ్లకి బస్సులు పట్టుకుని వచ్చారు జనం. ఎందుకు? మన పేరు ఎక్కాలని. ప్రతి పథకానికీ సమ్మతి పత్రం పట్టుకుని తిరగమంటే బియ్యం ఎప్పుడు అందుతాయి?

ఈ మాట కాదనడానికి లేదు. సర్వేలో పేరు తప్పిపోతుందేమోనని కంగారుపడ్డ కుటుంబాలు ఆనాడు లెక్కలేనన్ని. పేదవాడికి రాజ్యం కంట పడడమే మొదటి అవసరం అన్న వాదనను యూరప్ పుస్తకాలు పట్టించుకోవు.

మామయ్య: సమ్మతి అడగమని ఎవరన్నారు? జీడీపీఆర్ కూడా ప్రభుత్వాన్ని ప్రతిదానికీ సమ్మతి అడగమనలేదు. డేటా వాడుకోవడానికి ఆరు ఆధారాలు పెట్టింది, సమ్మతి వాటిలో ఒకటి. ప్రజాప్రయోజనం కోసం చట్టప్రకారం చేసే పని ఇంకొకటి. పింఛను ఆ ఆధారం మీద ఇవ్వొచ్చు. కాకపోతే అవసరమైనంతే తీసుకో, చెప్పిన పనికే వాడు, పని అయ్యాక ఉంచుకోకు, పొక్కితే జవాబు చెప్పు అంటుంది. రాజ్యం కంట పడాలి, ఒప్పుకున్నా. ఆ కంట పడ్డాక తన వివరాలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో ఆ ముసలమ్మ అడగకూడదా?

మేనకోడలు: అడగొచ్చు. మన చట్టం ప్రభుత్వ శాఖలకి వర్తించదని ఎక్కడుంది?

మామయ్య: పదిహేడో సెక్షను తియ్యి. దేశ సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతలు అంటూ కేంద్రం ఏ సంస్థ పేరు నోటిఫై చేస్తే ఆ సంస్థకి ఈ చట్టం వర్తించదు. ఒక సెక్షనులో మినహాయింపు కాదు, చట్టం మొత్తం నుంచి.

మేనకోడలు: యూరప్ మాత్రం గూఢచారి సంస్థల్ని జీడీపీఆర్ కిందికి తెచ్చిందా? జాతీయ భద్రత అందులోకి రాదని వాళ్లూ రాసుకున్నారు.

మామయ్య: రాసుకున్నారు. కానీ పోలీసులకి 2016లోనే వేరే ఆదేశం పెట్టారు, వాళ్లని ఖాళీగా వదల్లేదు. ఇక గూఢచారి సంస్థల మీద స్ట్రాస్‌బర్గ్‌లో మానవ హక్కుల న్యాయస్థానం ఉంది. బ్రిటన్ జనం సమాచారాన్ని గంపగుత్తగా వడపోస్తున్న తీరు తప్పని 2021లో తీర్పిచ్చింది. బయట ఒక గుమ్మం ఉంది, అది నా మాట. మన బోర్డు సభ్యుల్ని వేసేది కేంద్రమే. యూరప్‌లో హంగేరీ ప్రభుత్వం తమ డేటా రక్షణ అధికారిని గడువుకు ముందే ఇంటికి పంపితే, అది తప్పని 2014లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది.

మేనకోడలు: బోర్డు మీద అప్పీలుకి టీడీశాట్ ట్రైబ్యునల్ ఉంది, ఆపైన సుప్రీంకోర్టు ఉంది. పుట్టస్వామి తీర్పు ఇచ్చింది మన కోర్టే కదా.

మామయ్య: ఆ తీర్పే నాకూ ఆధారం. కర్ణాటక హైకోర్టు జడ్జిగా చేసి రిటైరైన పెద్దమనిషి ఆధార్ మీద 2012లో కోర్టుకెళ్లాడు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా, హక్కే అన్నారు. అంటే దావా వేసింది ఎవరి మీద? రాజ్యం మీద. ఆ తీర్పు కడుపున పుట్టిన చట్టం ఆరేళ్ల తర్వాత వచ్చింది. అది గట్టిగా పట్టుకున్నది ఎవరిని? కంపెనీలని. ప్రతివాదిని వదిలేసి పక్కవాడి మీద డిక్రీ ఇచ్చినట్టుంది.

మేనకోడలు: మీ వాదం చైనాలో తలకిందులవుతుంది మామయ్యా. 2021 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న వాళ్ల చట్టం తీసి చూడండి. జీడీపీఆర్‌ని పక్కన పెట్టుకుని రాసినట్టుంటుంది. ప్రభుత్వ శాఖల మీద కూడా అందులో ఒక భాగం ఉంది, మీరు కోరినట్టే. జరిమానా ఆదాయంలో అయిదు శాతం దాకా, యూరప్‌లో నాలుగే. టాక్సీల కంపెనీ దీదీకి 2022లో 800 కోట్ల యువాన్లకు పైగా జరిమానా వేశారు. ప్రభుత్వం పేరు చట్టంలో రాసేస్తే సరిపోతుందా?

మామయ్య: సరిపోదు. అందుకే గుమ్మం గురించి అడుగుతున్నా. అక్కడ ప్రభుత్వ శాఖ తప్పు చేస్తే సరిదిద్దుకోమని చెప్పేది దాని పై శాఖో, ప్రభుత్వంలోనే ఇంకో శాఖో. అలాంటి చోట అక్షరాలు ఎన్ని ఉంటే మాత్రం ఏం లాభం?

మేనకోడలు: సరే, అమెరికా తీసుకుందాం. ఫెడరల్ స్థాయిలో అందరికీ వర్తించే చట్టం ఒక్కటీ లేదు. ఆస్పత్రులకి 1996 నాటిది ఒకటి, పదమూడేళ్ల లోపు పిల్లలకి 1998 నాటిది ఒకటి, బ్యాంకులకి ఇంకొకటి. అయినా ప్రపంచం వాడే సాఫ్ట్‌వేరంతా అక్కడే పుట్టింది. మన పిల్లలు ఉద్యోగాలకి వెళ్లేది డాలస్‌కీ, న్యూజెర్సీకీ.

మామయ్య: వీడియో క్యాసెట్లకి కూడా ఒక చట్టముంది, మరిచిపోయావు. 1987లో రాబర్ట్ బోర్క్‌ని సుప్రీంకోర్టు జడ్జిగా వెయ్యాలనుకున్నప్పుడు, ఆయన అద్దెకు తెచ్చుకున్న సినిమాల జాబితాని వాషింగ్టన్‌లో ఒక వారపత్రిక అచ్చేసింది. మరుసటేడే కాంగ్రెసు చట్టం చేసింది. తమ దాకా వచ్చేసరికి ఎంత తొందర! అందుకే అక్కడ ఒక మనిషి ఏ సినిమా అద్దెకు తెచ్చుకున్నాడో దానికి జాతీయ చట్టం కాపలా ఉంది గానీ, అదే మనిషి వంశపు గుట్టు రట్టయితే లేదు. ఉమ్మి పంపితే జన్యువులు చదివి పూర్వీకుల వివరాలు చెప్పే ‘ట్వంటీత్రీ అండ్ మీ’ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. అంతకుముందు 2023లోనే దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. ఆస్పత్రుల చట్టం దానికి వర్తించదు, ఎందుకంటే అది ఆస్పత్రి కాదు. నీ ల్యాబు ఇచ్చే రక్తం రిపోర్టుకి రక్షణ ఉంది, దానికంటే లోతైన జన్యువుల రిపోర్టుకి లేదు!

మేనకోడలు: కాలిఫోర్నియాలో ఉంది. మీ డేటా తుడిపించేసుకోండని అక్కడి అటార్నీ జనరల్ అప్పుడే జనానికి చెప్పాడు. తుడిపించుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది కాబట్టే చెప్పగలిగాడు.

మామయ్య: రాష్ట్రం సరిహద్దు దాటితే హక్కు మారిపోతుందన్నమాట.

మేనకోడలు: మీకు నచ్చే మాట ఒకటి చెబుతాను. ఇలినాయ్‌లో 2008 నుంచి ఒక చట్టముంది. వేలిముద్ర గానీ, ముఖం కొలతలు గానీ అడక్కుండా తీసుకుంటే మనిషి తనే కోర్టుకెళ్లొచ్చు. తప్పుకి వెయ్యి డాలర్లు, కావాలని చేస్తే అయిదు వేలు. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టినందుకు ఫేస్‌బుక్ అక్కడివాళ్లకి 65 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. కానీ దావాలు ఎంతగా పెరిగాయంటే, 2024లో అదే రాష్ట్రం ఆ చట్టాన్ని కాస్త తగ్గించుకుంది. ప్రతి వేలిముద్రకీ విడిగా లెక్క కట్టకుండా మనిషికి ఒక్కసారే అంది. ఇక్కడ అలాంటిది పెడితే మాలాంటి చిన్న కంపెనీ ఒక్క దావాతో మూతపడుతుంది.

మామయ్య: వేలిముద్ర అన్నావు గనక అడుగుతున్నా. నేను నలభై ఏళ్లు వేలిముద్రలున్న దస్తావేజులతో బతికాను. అమ్మినవాడి బొటనవేలు, కొన్నవాడి బొటనవేలు, పక్కనే ఆధార్ నంబరు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను ఏం చేశాడో గుర్తుందా? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోంచి దస్తావేజులు దించి, వాటి మీద ముద్రలతో రబ్బరు వేళ్లు తయారుచేసి, ఆధార్ పరిశీలన దాటించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. వాణ్ని పట్టుకున్నారు, మంచిదే. మరి ఆ ముద్రల్ని ఎవరు పడితే వాళ్లు దించుకునేలా పెట్టినందుకు ఎవరిని అడగాలి? పొలం అమ్ముకున్న రైతుకి కొత్త బొటనవేలు ఎవరిస్తారు? పాస్‌వర్డయితే మార్చుకోవచ్చు.

మేనకోడలు: ఈ చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే బోర్డుకి వెళ్లొచ్చు.

మామయ్య: వెళ్లాడనుకో. బోర్డు ఆ శాఖకి జరిమానా వేసిందనే అనుకో. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? భారత సంచిత నిధికి. ఒక సర్కారు జేబులోంచి ఇంకో సర్కారు జేబులోకి. రైతుకి పైసా రాదు. ఐటీ చట్టంలో 43ఏ అని పాత సెక్షను ఒకటి. కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోతే పరిహారం అడగొచ్చు. చాలా కొద్దిమందే వాడారు, అది వేరే సంగతి. ఈ కొత్త చట్టం దాన్ని తీసేయమంది. పరిహారం దారి మూసేసి, ఉత్తుత్తి ఫిర్యాదు చేస్తే పదివేల దాకా జరిమానా అని మాత్రం పౌరుడి మీద రాసిపెట్టారు.

మేనకోడలు: యూరప్‌లో సర్కారు పరిహారం కట్టిందా ఎప్పుడైనా?

మామయ్య: బల్గేరియా చూడు, అప్పట్లో దాదాపు 70 లక్షల మంది ఉన్న దేశం. 2019లో అక్కడి పన్నుల శాఖని హ్యాక్ చేసి 50 లక్షలకు పైగా మనుషుల వివరాలు ఎత్తుకుపోయారు. డేటా రక్షణ కమిషన్ ఆ శాఖకే 51 లక్షల లెవాల జరిమానా వేసింది. ఒక ప్రభుత్వ సంస్థ ఇంకో ప్రభుత్వ శాఖకి! అంతటితో ఆగలేదు. వివరాలు పోయినవాళ్లు పరిహారం కోసం దావాలు వేశారు. నా డేటాని ఎవరైనా దుర్వినియోగం చేస్తారేమోనన్న భయం కూడా నష్టమేనా అన్న ప్రశ్న ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. రుజువు చేసుకోగలిగితే నష్టమే అని 2023 డిసెంబరు 14న చెప్పింది. పెద్దపల్లి దగ్గర రైతుకీ, సోఫియాలో గుమస్తాకీ జరిగింది ఒకటే. వాళ్ల చేతిలో ఉన్న కాగితాలు మాత్రం ఒకటి కావు.

నాకు తెలిసి ఈ రెండు ఉదంతాల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే దేశదేశాల చట్టాల మీద రాసిన లావుపాటి నివేదికల కంటే ఎక్కువ తెలుస్తుంది. మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన్ని ఇరుకున పెట్టే చోటికే వచ్చింది.

మేనకోడలు: గోప్యత మీద మీకింత పట్టుదల ఉంటే, ఈ చట్టం సమాచార హక్కు చట్టాన్ని సవరించినప్పుడు ఎందుకంత గోల చేశారు? వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదు అన్నారు, అంతేగా. మీరడిగేదీ అదే కదా!

మామయ్య: పాత సెక్షను ఏమందో తెలుసా? ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదు, కానీ విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలి. పార్లమెంటుకి కాదనలేని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదు. ఇవన్నీ కొట్టేసి ‘వ్యక్తిగత సమాచారం’ అని రెండు ముక్కలు మిగిల్చారు. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ జరుగుతోంది. మస్టరు తెచ్చి గ్రామసభలో పేరు పేరునా చదువుతారు. ఫలానా వాళ్లకి ఇన్ని రోజులు, ఇంత కూలి అని. మేము ఆ పనికే పోలేదు అని జనంలోంచి ఒకరు లేస్తారు. దొంగ మస్టర్లు అలా పట్టుబడ్డాయి. రేపు ఒక అధికారి ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వను అంటే?

మేనకోడలు: సమాచార హక్కు చట్టంలో సెక్షను ఎనిమిది (2) అలాగే ఉంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు.

మామయ్య: ఇవ్వొచ్చు. కానీ ఆ ప్రయోజనం ఎంతో రుజువు చేసుకోవాల్సిన భారం అడిగినవాడి నెత్తిన పడింది. స్వీడన్ చూడు. దేశస్థాయిలో డేటా చట్టం మొదట చేసింది వాళ్లే, 1973లో. ప్రభుత్వ కాగితాలు జనం చూడొచ్చని 1766లోనే చట్టం చేసిందీ వాళ్లే. పక్కింటాయన ఎంత ఆదాయం చూపించాడో ఇవాళ్టికీ పన్నుల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఈ రెంటినీ సర్దుకోమని జీడీపీఆరే దేశాలకి వదిలింది. మనం సర్దలేదు, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టించాం.

మేనకోడలు: ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఆ సవరణ అక్కర్లేదు. కానీ మిగతా యూరప్ మోజు నాకు లేదు మామయ్యా. 2023లో మెటాకి 120 కోట్ల యూరోల జరిమానా వేసినా ఆ కంపెనీకి ఏమీ కాలేదు. పెద్దవాళ్లు కట్టేస్తారు, అప్పీళ్లలో ఏళ్లు గడిపేస్తారు. లాయర్ని పెట్టుకోలేక నలిగేది మాలాంటివాళ్లు. మన నిబంధనలు వచ్చిన ఆ నవంబరులోనే, కొద్దిరోజుల తేడాలో, ఐరోపా కమిషన్ జీడీపీఆర్‌ని సడలించే ప్రతిపాదన పెట్టింది. వాళ్లే దిగి వస్తుంటే మనం ఎక్కడం దేనికి?

మామయ్య: ప్రతిపాదనే కదా, ఇంకా చట్టం కాలేదు. కాగితాల బరువు తగ్గించమను, నేనూ సంతకం పెడతా. మన చట్టంలో పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి పిల్లకీ తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి తెమ్మంటున్నారు. అమెరికాలో పదమూడు, యూరప్‌లో పదమూడు నుంచి పదహారు. ఇంటర్ చదివే పిల్ల ఫోన్లో పాఠం వినడానికి, ఫోను వాడడం ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్న తండ్రి సమ్మతి ఇవ్వాలి. అలాంటివి సడలించమను. సరే, ఒకటి చెప్పు. మీ ప్రోగ్రాంలో జర్మన్ రోగి తన రిపోర్టులన్నీ ఒక ఫైలుగా ఇంకో ల్యాబుకి పట్టుకుపోవచ్చా?

మేనకోడలు: పోవచ్చు. అక్కడి చట్టంలో ఉంది.

మామయ్య: గుంటూరు రోగి?

మేనకోడలు: మన చట్టంలో ఆ హక్కు పెట్టలేదు. కానీ ఆ బటన్ ప్రోగ్రాంలో ఉండనే ఉంది, ఇండియాకి ఆపేసి పెట్టాం. అది ఇప్పించేస్తాను. దానికి ఖర్చు లేదు.

మామయ్య: పరిహారం?

మేనకోడలు: అది నేను ఇప్పించలేను. ల్యాబుతో ఒప్పందంలో రాద్దామంటే మా డైరెక్టర్లు ఒప్పుకోరు. పోటీ కంపెనీ ఏదీ రాయనప్పుడు మనమే ఎందుకు రాయాలంటారు. చట్టంలో ఉంటే మాత్రం అందరితోపాటు మేమూ ఆ నెలలోనే రాస్తాం. జర్మన్ ఒప్పందంలో ఇప్పటికే రాసి ఉంది.

మామయ్య: అయితే చట్టంలో పెట్టమని నాతోపాటు అడుగు.

మేనకోడలు: కంపెనీల మీద పెట్టమని అడుగుతాను. పింఛన్లిచ్చే శాఖ మీద కూడా దావా వెయ్యొచ్చంటే మాత్రం నాకింకా భయమే మామయ్యా. దావాలకి జడిసి జాబితాలో కొత్త పేర్లు ఎక్కించడమే మానేస్తారు.

మామయ్య: బల్గేరియాలో పన్నులు వసూలు చేయడం మానేశారా?

మేనకోడలు: పన్నులు వసూలు చేసుకోవడం సర్కారుకి అవసరం. పింఛను ఇవ్వడం ఆ ముసలమ్మకి అవసరం. ఆ తేడాకి మీ చట్టంలో జవాబు రాయండి, అప్పుడు సంతకం పెడతాను.